ఆచార్య సూరి భగవంతం

చార్మినారు చెంతనున్న లాడ్ బజారులో లక్క గాజులు తయారుచేసే చోట మనం ఒక్క నిమిషం నిలిచి చూద్దాం. చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా విరిగే లక్క, బొగ్గుల కుంపటి సెగ సోకగానే మెత్తబడి పనివారి వ్రేళ్ళకు లొంగుతుంది. చల్లారగానే తాను పొందిన రూపంలో బిగిసిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ అణువుల కదలిక హెచ్చి, వాటి నడుమనున్న పట్టు సడలడమే దీనికి కారణం. కంటికి కానరాని ఆ కదలికను కాంతి సహాయంతో పరిశీలించిన శాస్త్రజ్ఞులలో, మన నగరంలోనే విద్యనభ్యసించిన ఆచార్య సూరి భగవంతం గారు ప్రముఖులు.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లాలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులై, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ గారి వద్ద పరిశోధకులుగా చేరారు. రామన్ ఫలితం వెలువడినది ఆ ఏడాదే.

పదార్థంపై పడిన కాంతిలో స్వల్పభాగం అణువులకు కంపనశక్తినిచ్చి వర్ణపటంలో ఎరుపు దిశకు జరుగుతుంది. మరికొంత, అప్పటికే కంపిస్తున్న అణువుల నుండి శక్తిని గ్రహించి ఊదా దిశకు జరుగుతుంది. పదార్థం వేడెక్కినకొద్దీ ఈ రెండవ రేఖ ప్రకాశం మొదటిదానితో పోల్చినపుడు పెరుగుతుంది. కనుక రెండింటినీ పోల్చి ఉష్ణోగ్రతను నిర్ణయించవచ్చును.

భగవంతం గారు ఈ కాంతితో వజ్రాన్ని పరిశోధించారు. గోల్కొండ సీమవారమైన మనకు వజ్రం వెల తెలుసు. అందలి కార్బను పరమాణువుల బంధం ఎంత దృఢమైనదో వర్ణపటం తెలుపుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద వజ్రపు ప్రధాన కంపనం మేల్కొని ఉండడం బహు అరుదు. కావుననే ఊదా దిశనున్న రేఖ మిక్కిలి మసకగా కనిపిస్తుంది. లక్కను మెత్తబరచే సెగకు వజ్రం మెత్తబడదు. సెగ ఒక్కటే, బంధాలు వేరు.

ఆ తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేస్తూ, టి. వెంకటరాయుడు గారితో కలిసి భౌతికశాస్త్రంలో సమూహ సిద్ధాంతపు ప్రయోజనాలపై 1948లో గ్రంథం ప్రకటించారు. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, అనంతరం బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1961 నుండి రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా సేవలందించారు. 1989 ఫిబ్రవరి 6న పరమపదించారు.

కుంపటి ముందు కూర్చున్న పనివారి చేతికి తెలిసిన సత్యమే ఆయనకు వర్ణపటంలో గోచరించింది. మన విద్యార్థులు ఉర్దూలో చదివినా, తెలుగులో చదివినా, లక్క ఎందుకు మెత్తబడిందని ప్రశ్నించడం మానరాదు. ఆ ప్రశ్నకు లాడ్ బజారును మించిన ప్రయోగశాల మనకు మరి దగ్గరలో లేదు.