ఏకాగ్ర భక్తుడు పోతన

తెలుగు పద్యమనగానే పండితునికీ పామరునికీ ముందుగా స్ఫురించే కవి బమ్మెర పోతన. అక్షరజ్ఞానం లేనివారు సైతం ఆయన పద్యాలను విని నేర్చి, నిద్ర లేచిన వేళ, పొలానికి వెళ్ళే దారిలో, కష్టం వచ్చిన క్షణాన చదువుకొన్నారు. ఇంతమంది ప్రార్థనకు మాటలిచ్చిన ఆ కవి తన ప్రార్థనకు కావలసిన ప్రశాంతతను ఎట్లా సంపాదించుకొన్నాడు? అందుకోసం దేనిని వదులుకొన్నాడు? ఆయన జీవితంలో మనం తెలుసుకోవలసిన ముఖ్యవిషయం ఇదే.

పోతన 15వ శతాబ్దికి చెందినవాడు. ఆయన స్వగ్రామమైన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్నది. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. వారిది శైవ సంప్రదాయం గల కుటుంబం. ఇవటూరి సోమనారాధ్యుని ప్రోత్సాహంతో పోతన వీరభద్ర విజయమనే శైవ కావ్యాన్ని రచించాడు. తనను సహజపండితునిగా చెప్పుకొన్నాడు. ఆయన పేర్కొన్న ఏకశిలానగరం కడప జిల్లాలోని ఒంటిమిట్ట అని కొందరు వాదించారు. కాని అది ఓరుగల్లే అన్న అభిప్రాయం సాహిత్య చరిత్రలో బలపడింది.

ఆ కాలం ప్రశాంతమైనది కాదు. 1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత ఓరుగల్లు కోట అనేక చేతులు మారింది. ముసునూరి నాయకులు, రేచర్ల వెలమ ప్రభువులు, బహమనీ సుల్తానులు ఆ నేలకోసం పోరాడారు. 1460లో గజపతుల సైన్యం అక్కడ ప్రవేశించింది. నేడున్న రాజు రేపుంటాడో లేదో తెలియని స్థితి. ఇంటికి, పంటకు, ప్రాణానికి భద్రత లేనప్పుడు మనసు నిలకడగా ఉండటం కష్టం. అటువంటి రోజులలో కవికి ఉన్న సులభమైన ఆశ్రయం రాజాస్థానం. కృతిని అంకితమిస్తే అగ్రహారాలు, వాహనాలు, ధనం లభించేవి.

ఆ మార్గం పోతనకు తెలియనిది కాదు. రాచకొండ ప్రభువైన సర్వజ్ఞ సింగభూపాలుని ప్రియురాలిని వర్ణించిన భోగినీ దండకం పోతన యౌవన రచన అని ప్రతీతి. అది ఆయనది కాదని చెప్పే విమర్శకులూ ఉన్నారు. అది ఆయన రచనే అయితే, ఆస్థానపు రుచి ఎరిగి దానిని విడిచిపెట్టినవాడు పోతన అని గ్రహించాలి. ఎరుగని దానిని వదులుకోవడం తేలిక. ఎరిగి వదులుకోవడానికి మనోనిశ్చయం కావాలి.

ఆ నిశ్చయం కలిగిన సందర్భాన్ని పోతన భాగవత అవతారికలో స్వయంగా తెలిపాడు. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణం వచ్చింది. పెద్దల అనుమతితో ఆయన గంగాస్నానానికి వెళ్ళాడు. ఆయన చెప్పిన గంగ గోదావరియేనని పండితులు భావిస్తారు. నేడు ఓరుగల్లు నుండి పరకాల, రేగొండ, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం వెళ్ళే యాత్రికులు చేరుకొనేది ఆ గోదావరినే. గ్రహణవేళ నదీతీరంలో జనసమ్మర్దం ఉండటం సహజం. స్నానం ముగించిన పోతన ఇసుకతిన్నెపై కూర్చొని, అరమోడ్పు కన్నులతో మహేశ్వరుని ధ్యానించసాగాడు. అప్పుడు రాజతేజస్సుతో శ్రీరాముడు సాక్షాత్కరించి, భాగవతాన్ని తన పేర తెనిగించుమని, అందువలన భవబంధాలు తొలగుతాయని చెప్పి అదృశ్యుడైనాడు. పోతన ఏకశిలానగరానికి తిరిగివచ్చి రచనకు పూనుకొన్నాడు.

ఈ ఘట్టంలో రెండు విశేషాలున్నాయి. శివుని ధ్యానిస్తున్న భక్తునికి రాముడు కనిపించాడు. మనసు నిర్మలమైన చోట శివకేశవ భేదం లేదని దీని భావం. ఇక రెండవది, ఆయన ధ్యానం కోసం లోకాన్ని విడిచి పోలేదు. రేగొండ సమీపంలోని పాండవుల గుట్టల వంటి ఏకాంత స్థలాలు ఈ ప్రాంతంలో లేకపోలేదు. అయినా పోతన గుహను వెదకలేదు. నలుగురూ వచ్చే నదీతీరంలోనే కొంతసేపు తనలోకి తాను మరలుకొన్నాడు. ఆపై ఇంటికి తిరిగివచ్చి పనిలో మునిగాడు.

ఆ పనిని రాజులకు అమ్మడానికి ఆయన ఒప్పుకోలేదు. నరులకు కృతినిచ్చి సంపదలు పొంది, చివరకు యముని దెబ్బలు తినడం కంటె శ్రీహరికి అర్పించడమే మేలని అవతారికలో ప్రకటించాడు. కృతిని రాముని పేర చెప్పాడు. హలం పట్టి జీవించాడని, బావయైన శ్రీనాథుడు ఎంత నచ్చజెప్పినా చలించలేదని జనశ్రుతి. శ్రీనాథునితో బంధుత్వానికి చారిత్రక ఆధారం లేదు. అయితే ప్రజలు ఆ కథను తరతరాలుగా చెప్పుకోవడంలో పోతన ఎంచుకొన్న జీవనమార్గంపై వారికున్న గౌరవం కనబడుతుంది.

ఆ మార్గానికి ఆయన సృష్టిలోనే దర్పణం ఉన్నది. సప్తమ స్కంధంలోని ప్రహ్లాదుడు అడవికి పోయి తపస్సు చేసినవాడు కాడు. తండ్రి కొలువులో, గురువుల నిఘాలో ఉండి, తింటూ, తాగుతూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రిస్తూ సైతం హరిస్మరణ మరువనివాడు. గురువులు ఇంటిపనులకు వెళ్ళిన కొద్ది విరామంలో తోటి బాలురను కూర్చోబెట్టుకొని తత్త్వం బోధించాడు. అష్టమ స్కంధంలోని గజేంద్రునికి ఆ కొద్ది విరామం కూడా లేదు. మొసలి కాలు పట్టి లాగుతుండగానే ప్రార్థించాడు. తీరిక దొరికినప్పుడు మాత్రమే చేసేది ప్రార్థన కాదని ఈ పాత్రలు తెలుపుతాయి.

పోతన త్యాగం నష్టం లేనిది కాదు. భాగవతంలోని 12 స్కంధాలలో కొన్ని శిథిలమైనాయి. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ, ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ పూరించారు. అంకితమివ్వనందుకు కోపించిన రాజు గ్రంథాన్ని పాతిపెట్టించాడని, చెదలు తిన్నదని ఒక ఐతిహ్యం ఉన్నది. కారణమేదైనా, జీవితమంతా ధారపోసిన కృతి సంపూర్ణంగా నిలువలేదు. నిలిచిన భాగమే తెలుగువారికి నిత్యపారాయణమైనది.

నేటి విద్యార్థికి రాజాస్థానాల ప్రలోభం లేదు. కాని అరచేతిలోని సెల్‌ఫోన్ క్షణక్షణం పిలుస్తుంది. చదువుకు కూర్చున్నా, దేవుని ముందు నిలిచినా మనసును మరొక చోటికి లాగుతుంది. సమయం లేదని మనం అంటాం. పోతన కాలంలో యుద్ధాలు ఆగలేదు, సేద్యపు పనులు తగ్గలేదు. తన మనసును ఎవరికి ఇవ్వకూడదో మొదట నిర్ణయించుకొన్నందువల్ల ఎవరికి ఇవ్వాలో ఆయనకు స్పష్టమైనది. రోజుకు కొన్ని నిమిషాలు ఫోన్‌ను పక్కనపెట్టి నిశ్శబ్దంగా కూర్చోవడం మనకు అసాధ్యం కాదు. ఆ ఇసుకతిన్నె మీద పోతన చేసినది కూడా అంతకంటె పెద్ద ఏర్పాటు కాదు.