జస్టిస్ కోకా సుబ్బారావు

పొట్టకూటి కోసం పరదేశానికి పోదలచిన వానిని ప్రభుత్వం తన ఇష్టానుసారం ఆపవచ్చునా? ప్రాణభయంతో ఈ దేశంలో అడుగుపెట్టిన పరదేశికి భారత రాజ్యాంగం అండగా నిలుస్తుందా? పైకి ఈ రెండు ప్రశ్నలకు పొంతన లేదు. కాని రెండింటి సమాధానమూ రాజ్యాంగంలోని ఒకే మాటను ఆశ్రయించుకొని ఉన్నది. ఆ మాట ‘వ్యక్తి’. ఆ చిన్నమాటలోని విస్తృతార్థాన్ని తమ తీర్పుల ద్వారా లోకానికి తెలియజేసిన న్యాయకోవిదులలో అగ్రగణ్యులు జస్టిస్ కోకా సుబ్బారావు.

సుబ్బారావు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి, మామగారైన పి. వెంకటరమణారావు వద్ద న్యాయవాద వృత్తిలో మెళకువలు నేర్చుకొన్నారు. కొంతకాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసి, తిరిగి మద్రాసు చేరి, బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలసి వృత్తిని కొనసాగించారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తిగా నియమితులైనారు. ఆంధ్రప్రదేశ్ అవతరణతో 1956లో ఆ న్యాయస్థానం హైదరాబాదుకు తరలివచ్చింది. 1958లో ఆయన సుప్రీంకోర్టులో న్యాయమూర్తి పదవిని స్వీకరించారు.

అధికారానికి, సామాన్యునికి వివాదం ఏర్పడిన సందర్భాలలో సుబ్బారావు తోటివారితో విభేదించడానికి వెనుకాడేవారు కాదు. ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద దోపిడీ నేరం మోపి, సాక్ష్యం లేక విడిచిపెట్టిన ఉత్తరప్రదేశ్ పోలీసులు, ఆ తరువాత కూడా అతనిపై నిఘా ఉంచి, అర్ధరాత్రివేళ తలుపు తట్టసాగారు. 1962 డిసెంబరులో వెలువడిన తీర్పులో అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు రాత్రి సోదాలను మాత్రమే తప్పుపట్టి, తక్కిన నిఘాను సమర్థించారు. సుబ్బారావు, జస్టిస్ షా అందుకు సమ్మతింపలేదు. ఏకాంతంగా, నిర్భయంగా జీవించడం కూడా వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనని సుబ్బారావు నిరూపించారు.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు వెలువరించారు. అదే సంవత్సరం ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు వచ్చింది. సాహ్నీ ఒక వ్యాపారి. పాస్‌పోర్టులను తిరిగి అప్పగించవలసిందిగా ప్రభుత్వం ఆయనను ఆదేశించింది. దేశం విడిచి వెళ్ళేవారి విషయంలో అప్పటికి చట్టమేదీ లేదు. 1920 నాటి చట్టం దేశంలోనికి వచ్చేవారికి సంబంధించినది మాత్రమే. పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా అధికారుల చిత్తం. విదేశయానం ఇరవై ఒకటవ అధికరణం ప్రసాదించిన వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని, చట్టప్రకారం తప్ప దానిని తొలగించరాదని సుబ్బారావు తీర్పునిచ్చారు. మరి ఇద్దరు ఆయనతో ఏకీభవించగా, ఇద్దరు విభేదించారు. ఫలితంగా ఆ సంవత్సరమే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నిరాకరించిన అధికారి కారణం చూపవలసి వచ్చింది. నిరాకరింపబడినవానికి అప్పీలు చేసుకొనే అవకాశం కలిగింది.

ఆ తీర్పు వచ్చిన కొన్ని సంవత్సరాలకే గల్ఫ్ దేశాలలో చమురు సంపద పెరిగి, పనివారికి గిరాకీ ఏర్పడింది. వర్షాధారపు సేద్యంతో, అప్పులతో సతమతమవుతున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి వేలాదిమంది దుబాయి, మస్కట్, సౌదీ అరేబియాలకు తరలిపోయారు. ఒక వ్యాపారి గెలుచుకొన్న హక్కు వారి చేతిలోని పాస్‌పోర్టుకు కూడా బలమైనది. సిరిసిల్ల నేతకార్మికుడు భివండికి పోయి మగ్గం నడుపుకోవడానికి పంతొమ్మిదవ అధికరణం చాలు. అది పౌరులకు మాత్రమే చెందిన హక్కు. జగిత్యాల కూలి విమానమెక్కడానికి ఆధారం ఇరవై ఒకటవ అధికరణం. అది వ్యక్తులందరిదీ.

ఈ భేదమే పరదేశీయుల విషయంలోనూ కీలకమైనది. చట్టం ముందు సమానత్వం, ప్రాణరక్షణ, వ్యక్తిస్వేచ్ఛ పౌరులు కానివారికి కూడా వర్తిస్తాయి. ఈ దేశంలో స్థిరనివాసం ఏర్పరచుకొనే హక్కు మాత్రం వారికి లేదు. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థులను స్థానికులు వెళ్ళగొట్టజూచినప్పుడు, వారి ప్రాణాలను కాపాడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించింది. 2021లో రోహింగ్యాల విషయంలో, జీవించే హక్కు వారికీ ఉన్నదని అంగీకరిస్తూనే, నియమానుసారం వారిని తిప్పిపంపడాన్ని నిషేధించలేదు. రక్షణకు, నివాసానికి మధ్యగల ఆ సన్నని గీత నేటికీ చర్చనీయాంశమే.

సాహ్నీ తీర్పు వెలువడిన మరునాడే సుబ్బారావు పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల రంగంలోనికి దిగడం సముచితం కాదని పలువురు విమర్శించారు. ఆ ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ విజయం సాధించారు. 1976 మే 6న సుబ్బారావు కన్నుమూశారు. అంతకు ఎనిమిది రోజుల ముందే, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులు న్యాయస్థానాన్ని ఆశ్రయించజాలరని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆయన జీవితకాలం ఏ స్వేచ్ఛ కోసం వాదించారో, ఆ స్వేచ్ఛ అస్తమించినట్లు తోచిన రోజులవి.

కాని సత్యం మరుగునపడినా మాసిపోదు. 1978లో మేనకాగాంధీ కేసులో విదేశయాన హక్కును సుప్రీంకోర్టు మరింత దృఢపరచింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అత్యవసర పరిస్థితి నాటి తీర్పును త్రోసిపుచ్చి, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు వెలిబుచ్చిన అభిప్రాయమే సరియైనదని ప్రకటించింది. గల్ఫ్‌లో పనిచేసే కోరుట్ల యువకుడు అక్కడ పరదేశి. తనను మనిషిగా చూడాలని ఆ దేశం నుండి అతడు ఆశించేదే, ఇక్కడికి వచ్చిన పరదేశి ఈ దేశం నుండి ఆశిస్తాడు. పౌరసత్వానికి ముందే మనిషితనం ఉన్నదని గుర్తించిన రాజ్యాంగానికి నిజమైన వ్యాఖ్యాతగా జస్టిస్ కోకా సుబ్బారావు చిరస్మరణీయులు.