రహీం సాబ్ నేర్పిన వెనక్కి పరుగు

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుడి గురించి రాయమని సంపాదక వర్గంలోని మిత్రులు అడిగారు. శాస్త్రవేత్తలు, నాయకుల సంగతి మిగతావాళ్లు ఎలాగూ చూసుకుంటారు కాబట్టి నేనొక బడిపంతులు గురించి రాస్తున్నాను. ఆయన మన బడిలో పని చేయలేదు. నేను పుట్టకముందే పోయారు. అయినా 1985 పదో తరగతి బ్యాచ్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన నాకు ఆయన గురువే.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకుని కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయి, కన్నుమూసేదాకా ఆ పని చూశారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా ఏటా బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది. వరసగా ఐదేళ్లు!

ఆయన పేరు నేను మొదట విన్నది మాత్రం ఒక ఓటమి మర్నాడు. మా బ్యాచ్ వాళ్లకు ఆ మ్యాచ్ గుర్తుండే ఉంటుంది, క్షమించారో లేదో తెలియదు. ఇంకా నాలుగైదు నిమిషాల ఆట ఉంది. బంతి నన్ను దాటిపోయింది. వెంటబడాల్సినవాణ్ణి నడుం మీద చేతులు వేసుకుని చూస్తూ నిలబడ్డాను. అవతలివాడు మన గోలీ ముందు ఒంటరిగా దొరికాడు. గోలు. తిరుగు బస్సులో ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

పీఈటీ సారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు సాయంత్రం అందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి రహీం సాబ్ గురించి చెప్పారు. కుర్రాళ్ల కోసం ఆయన వింత పోటీలు పెట్టేవారట. ఒక పోటీలో బంతిని దగ్గర పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయకూడదు, వచ్చింది వచ్చినట్టు ఇంకొకరికి అందించాలి. మరో పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి. వారం రోజులు మా చేత అలాగే ఆడించారు. బంతి ఎప్పుడూ మన దగ్గర ఉండదు కాబట్టి, లేనప్పుడు ఏం చేస్తున్నామన్నదే అసలు ఆట అని నాకు ఆ వారంలో తెలిసొచ్చింది. డ్రిబ్లింగ్ లేకపోతే ఖాళీ చోటికి పరుగెత్తక తప్పదు మరి.

రహీం సాబ్‌కూ ఒక నడిబజారు ఓటమి ఉంది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఆ చలిలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. బూట్లు తప్పనిసరి అయింది ఆ తర్వాతే.

నేను చెరువుల మరమ్మతులు చూసే ఇంజనీర్ని. గండి పడితే ఆ చోట మట్టి పోసినవాణ్ణి తిట్టడం సులువు. పైన అలుగు పూడుకుపోయిందేమోనని చూడటం కష్టం. పది గోళ్లు పడ్డప్పుడు గోలీని, బ్యాకులను మార్చి ఊరుకునేవాళ్లే ఎక్కువ. రహీం సాబ్ జట్టు అమరికనే మార్చుకుంటూ పోయారు. అవతలి దేశాల ఆటను చూసి నేర్చుకున్నారు, ఒక్క ఏడాదిలో అయిపోవాలని తొందరపడలేదు. 1956 మెల్‌బోర్న్‌లో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. అక్కడ ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. ముందు గోలు మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడాం. కాంస్యమూ దక్కలేదు, నాలుగో స్థానం. కానీ హెల్సింకీ నుంచి నాలుగేళ్లలో ఎంత దూరం వచ్చారో చూడండి.

ఆటగాళ్లను వెతికి పట్టుకోవడంలోనూ ఆయన మాస్టారే. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేకపోతే, అద్దె సైకిలు కోసం రోజుకో రూపాయి చేతిలో పెట్టేవారట. ఆ బలరాం తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు.

ఇక జకార్తా, 1962. రహీం సాబ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ, మన డిఫెన్స్‌కు మూలస్తంభం లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ణి కూర్చోబెట్టేవారు. ఆయన సెమీఫైనల్లో అతణ్ణి ఫార్వర్డ్‌గా దించారు! అక్కడా గోలు కొట్టాడు, సెప్టెంబరు 4న ఫైనల్లోనూ కొట్టాడు. ఆ ఫైనల్ మళ్లీ కొరియాతోనే. దాదాపు లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ మొదటి గోలు, మూడు నిమిషాలకే జర్నైల్ రెండోది. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. ఆ మిగిలిన కొద్ది నిమిషాలు మనవాళ్లు ఎలా కాచుకున్నారో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. నేను చేతులు నడుం మీద వేసుకున్నది సరిగ్గా అలాంటి నిమిషాల్లోనే.

2-1తో స్వర్ణం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు, అప్పటికి 53 ఏళ్లు. ఇప్పుడు నా వయసు అంతకంటే రెండేళ్లు ఎక్కువ. గురువులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏళ్లకు.

రెండేళ్లుగా శనివారాలు మన బడి మైదానంలో పిల్లలతో గడుపుతున్నాను. అందరికీ ఫార్వర్డే కావాలి. మొన్న ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి బ్యాక్‌గా ఆడమంటే ముఖం మాడ్చుకుని, అంకుల్, నేనేం తప్పు చేశానని అడిగాడు. జర్నైల్ సింగ్ కథ చెప్పాను. నమ్మినట్టు లేడు. ఆట మొదలయ్యాక మాత్రం బంతి తనను దాటిపోయిన ప్రతిసారీ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. రెండుసార్లు అందుకున్నాడు, మూడోసారి బోర్లా పడి మోకాలు గీరుకున్నాడు.

వచ్చే నెల మొదటి శనివారం ఎడమకాలి పోటీ పెడుతున్నాం. పెద్దల జట్టుకు ఇంకా నలుగురు తక్కువ. మా బ్యాచ్ వాళ్లు ఊళ్లో ఉంటే ఉదయం ఆరింటికల్లా రండి. బ్యాక్‌గా నేనుంటాను.