కదిలే బండిలో గడియారం: వడ్రంగి హారిసన్ కథ

తొలినాటి మోటారు కార్ల డాష్‌బోర్డుపై కీ ఇచ్చే గడియారం ఉండేది. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే రకాలు ఎక్కువ. గోడపై నిక్కచ్చిగా నడిచేదాన్ని బండికి బిగిస్తే రోడ్డు కుదుపులు, ఇంజను వేడి, రాత్రి చలి దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ఈ చిక్కును కార్లు పుట్టకముందే ఓడలపై విప్పినవాడు జాన్ హారిసన్.

ఆయన 1693లో ఇంగ్లండులోని ఫౌల్బీ గ్రామంలో వడ్రంగి ఇంట జన్మించారు. పెద్ద చదువు లేదు. తండ్రి పని నేర్చుకుని, 1713లో కొయ్య చక్రాలతో గడియారం చేశారు.

ఆ రోజుల్లో నడి సముద్రంలో ఓడ తూర్పుపడమరలుగా ఎంత దూరం వచ్చిందో తెలిసేది కాదు. 1707లో సిల్లీ దీవుల వద్ద నాలుగు యుద్ధనౌకలు మునిగి వందలాది నావికులు మరణించారు. బయలుదేరిన ఊరి వేళను, ఉన్నచోటి వేళతో పోలిస్తే లెక్క తేలుతుంది. నాలుగు నిమిషాల తేడా ఒక డిగ్రీ. వెస్టిండీస్ ప్రయాణంలో అర డిగ్రీకి మించి తప్పని పద్ధతి చూపితే 20,000 పౌన్లిస్తామని 1714లో పార్లమెంటు చట్టం చేసింది. అంటే వారాల తరబడి ఓడ ఊగినా గడియారం రెండు నిమిషాలకు మించి తప్పరాదు!

లోలకం ఓడలో పనికిరాదు. హారిసన్ దాన్ని వదిలి స్ప్రింగులను నమ్ముకున్నారు. ఎండకు ఇత్తడి, ఉక్కు ఒకే తీరున సాగవు గనుక రెండు రేకులను కలిపి అతికి, వేడికి వచ్చే తేడాను సరిదిద్దారు. ఆ జంట రేకే తరువాత ఎన్నో యంత్రాల్లో చేరింది. మూడు పెద్ద గడియారాల తరువాత 1759లో 13 సెంటీమీటర్ల వెడల్పు గల నాలుగోది తయారైంది.

1761లో కుమారుడు విలియం దాన్ని ఓడపై జమైకా తీసుకువెళ్లాడు. 81 రోజుల్లో తప్పింది దాదాపు 5 సెకన్లే. అయినా కమిటీ పెద్దలు నమ్మలేదు. 1764లో బార్బడోసు ప్రయాణంలోనూ నెగ్గింది. 1765లో సగం సొమ్మే మంజూరు చేశారు. తరువాత గడియారాన్ని గ్రీనిచ్‌కు తరలించారు. అక్కడ పరీక్షించిన మాస్కెలిన్ చంద్రుణ్ణి చూసి లెక్కగట్టే పోటీ పద్ధతిని సమర్థించేవాడు. పోటీదారు పక్షం వాడినే న్యాయనిర్ణేతగా పెట్టడం ఏ ఊరి పంచాయతీలోనూ చెల్లదు. ఆయన పనికిరాదని తేల్చారు.

ముసలితనంలో హారిసన్ రాజు మూడవ జార్జిని ఆశ్రయించారు. 1772లో రాజు తన వేధశాలలో ఐదో గడియారాన్ని పది వారాలు పరీక్షింపజేశారు. అది నిలిచింది. 1773లో పార్లమెంటు 8,750 పౌన్లిచ్చింది. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. 1776లో లండనులో కన్నుమూశారు. మొదటి నాలుగు గడియారాలు గ్రీనిచ్‌లో ఉన్నాయి. నాలుగోదాన్ని మాత్రం అరిగిపోతుందని నడపరు.