చెంఘిజ్ ఖాన్ ఇంట విశ్వాస జ్యోతి: బెర్కే ఖాన్

హిజ్రీ శకం 656. అంటే క్రీ.శ. 1258 ఫిబ్రవరి. శతాబ్దాల తరబడి విద్యకు, విజ్ఞానానికి నిలయంగా వెలిగిన బాగ్దాద్ నగరాన్ని మంగోలు సేనాని హులాగూ ధ్వంసం చేశాడు. అబ్బాసీ ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపించాడు. వీధులు శవాలతో నిండిపోయాయి. మంగోలులంటే మానవ రూపంలో వచ్చిన ప్రళయమేనని ముస్లిం లోకం గజగజలాడింది.

సరిగ్గా అదే కాలంలో, ఉత్తరాన వోల్గా నదీ తీర మైదానాలలో మరో మంగోలు రాజు ఉన్నారు. ఆయన హులాగూకు స్వయానా పెదనాన్న కొడుకు. చెంఘిజ్ ఖాన్ మనవడు. అయినా ఆయన ముస్లిం! ఆయన పేరు బెర్కే ఖాన్. అరబ్బు చరిత్రకారులు ఆయనను బరకా ఖాన్ అని వ్రాశారు.

వంశం మీద పడిన మచ్చ

బెర్కే తండ్రి జోచీ, చెంఘిజ్ ఖాన్ పెద్ద కుమారుడు. చెంఘిజ్ భార్య బోర్టేను శత్రువులైన మెర్కిత్ తెగవారు ఎత్తుకుపోయారు. ఆమెను విడిపించి తెచ్చిన కొద్దికాలానికే జోచీ జన్మించాడు. అందుకే అతని పుట్టుక మీద జీవితాంతం అనుమానపు నీడ ఉండిపోయింది. తమ్ముడు చగతాయ్ నిండు కొలువులో, తండ్రి ముందే ఆ మాట అనేశాడు. మంగోలులు తమ భాషలో వ్రాసుకున్న ‘మంగోలుల రహస్య చరిత్ర’ అనే గ్రంథమే ఈ సంగతిని దాచకుండా చెబుతుంది. చెంఘిజ్ మాత్రం జోచీని తన కొడుకుగానే చూసుకున్నాడు. కాని సింహాసనం మూడవ కుమారుడు ఒగెదెయ్‌కి దక్కింది. జోచీ సంతానానికి పశ్చిమ దిక్కున ఉన్న గడ్డి మైదానాలు వాటాగా వచ్చాయి.

వంశమే సర్వస్వంగా భావించే సమాజంలో, వంశం విషయంలోనే మాట పడిన ఇంట పెరిగారు బెర్కే. మనిషి గొప్పతనాన్ని పుట్టుకతో కాక దైవభీతితో కొలిచే ధర్మం ఆ ఇంటి తలుపు తట్టడం ఎంత చిత్రమో చూడండి!

బుఖారాలో వెలుగు

ఆయన ఇస్లాం స్వీకరణ గురించి రెండు కథనాలున్నాయి. ఢిల్లీలో ఉంటూ 1260లో ‘తబఖాతె నాసిరీ’ని పూర్తి చేసిన మిన్హాజుస్సిరాజ్ జూజ్‌జానీ, బెర్కే చిన్ననాటి నుంచే ముస్లింగా పెరిగారని వ్రాశారు. మరికొందరు చరిత్రకారుల ప్రకారం ఆయన బుఖారా వెళ్ళి, షేఖ్ సైఫుద్దీన్ బాఖర్జీ సన్నిధిలో సత్యధర్మాన్ని గ్రహించారు.

బుఖారాను 1220లో నేలమట్టం చేసింది ఎవరో కాదు, తాత చెంఘిజ్ ఖానే. ఆ బూడిద ఇంకా ఆరకముందే ఒక ధర్మవేత్త అక్కడే కూర్చుని బోధ సాగించారు. ఆయన చేతిలో ఖడ్గం లేదు, వెనుక సైన్యం లేదు. తాత కత్తితో గెలిచిన ఊరిలో మనవడు హృదయం ఓడి వచ్చాడు.

ఆ విశ్వాసం పేరుకు మాత్రమే కాదు. 1253లో ఆ దారిన వెళ్ళిన రుబ్రుక్ విలియం అనే క్రైస్తవ సన్యాసి, బెర్కే తన శిబిరంలో పంది మాంసం తిననివ్వడం లేదని నమోదు చేశాడు.

కఠిన పరీక్ష

ఇక్కడే ఆయన జీవితంలో అతి కఠినమైన ఘట్టం ఎదురవుతుంది. 1251లో మోంగ్కే మంగోలుల మహాఖాన్ అయ్యాడు. అన్న బాతూ ఆజ్ఞ మేరకు సైన్యంతో వెళ్ళి అతన్ని సింహాసనం మీద కూర్చోబెట్టిన వారిలో బెర్కే ప్రముఖులు. ఆ మోంగ్కేనే తర్వాత తన తమ్ముడు హులాగూను పశ్చిమానికి పంపాడు. బాగ్దాద్‌ను ముట్టడించిన సేనలో జోచీ వంశపు దళాలు కూడా ఉన్నాయి. అంటే తాను నిలబెట్టిన అధికారమే, తన వంశపు సైనికులే ఖలీఫా నగరాన్ని కూల్చడంలో పాలుపంచుకున్నారు! ఒక విశ్వాసి హృదయానికి ఇంతకన్నా బరువైనది ఏముంటుంది?

బెర్కే 1257లో రాజయ్యారు. మోంగ్కే బ్రతికి ఉన్నంత కాలం ఆయన ఆయుధం ఎత్తలేదు. 1259లో మోంగ్కే మరణించాడు. హులాగూ ముస్లిం నగరాలను నాశనం చేశాడని, బంధువులను సంప్రదించకుండానే ఖలీఫాను చంపాడని, దైవసహాయంతో అతన్ని నిలదీస్తానని బెర్కే ప్రకటించారు. అయితే ఈ యుద్ధానికి ధర్మం ఒక్కటే కారణమంటే అది నిజం కాదు. అజర్‌బైజాన్ పచ్చిక బయళ్ళ మీద రెండు కుటుంబాలకూ తగాదా ఉంది. హులాగూ దగ్గరికి వెళ్ళిన జోచీ వంశ రాకుమారులు అనుమానాస్పదంగా చనిపోయారన్న కోపమూ ఉంది.

1262లో పోరు మొదలైంది. 1263 జనవరిలో కాకసస్ ప్రాంతంలోని తెరెక్ నది వద్ద బెర్కే బంధువు నొగాయ్ ధాటికి హులాగూ సేన వెనుదిరిగింది. గడ్డకట్టిన నది మీదుగా పారిపోతుంటే మంచు పగిలి ఎందరో మునిగిపోయారు. ఆ శవాలను చూసి బెర్కే సంబరపడలేదు. మంగోలు కత్తికే మంగోలులు బలయ్యారని బాధపడ్డారని చరిత్రకారులు వ్రాశారు. రక్తసంబంధం తెంచుకోవడం ఆయనకు తేలిక కాలేదు.

ఈజిప్టుతో స్నేహం

1260 సెప్టెంబరులో ఐన్ జాలూత్ వద్ద మంగోలులను ఓడించిన ఈజిప్టు మమ్లూకులకు ఆ తర్వాత బైబర్స్ సుల్తాన్ అయ్యాడు. అతనికీ బెర్కేకూ మధ్య ఉత్తరాలు, కానుకలు నడిచాయి. కైరోలో జుమా ఖుత్బాలో బెర్కే పేరు చెప్పి దుఆ చేశారు.

కైరో నుంచి వెళ్ళిన రాయబారులు తాము చూసినదంతా చెప్పారు. తెల్లని నమదాతో కప్పిన విశాలమైన గుడారం, పలుచని గడ్డం, చెవికి బంగారు పోగు, కీళ్ళవాతంతో బాధపడుతున్న యాభై ఆరేళ్ళ రాజు. వేషం అచ్చంగా మంగోలుదే. కాని ఆయన కొలువులోని రాణులకు, సర్దారులకు ఎవరి ఇమామ్, ఎవరి ముఅజ్జిన్ వారికే ఉన్నారు. పిల్లలు ఖుర్ఆన్ నేర్చుకుంటున్నారు. నైలు నది మీద వంతెనగా ఒక మహాకాయుడి ఎముక ఉందట, నిజమేనా అని ఆయన అమాయకంగా అడిగారు. తాము చూడలేదని రాయబారులు బదులిచ్చారు.

ఉన్నది ఉన్నట్టు

బెర్కేను మచ్చలేని మహాత్ముడిగా చిత్రించనవసరం లేదు. ఆయన పాలనలోనే మంగోలు సేనలు 1259-60లో పోలండ్‌ను దోచుకున్నాయి. పన్నుల భారం భరించలేక 1262లో రష్యా పట్టణాలు తిరగబడ్డాయి. అయితే రాజధాని సరాయ్‌లో 1261లో క్రైస్తవుల బిషప్ పీఠం ఏర్పడిందీ ఆయన ఏలుబడిలోనే. తన ధర్మాన్ని ఆయన ఇతరుల మీద రుద్దలేదు.

చివరి ప్రయాణం

1265లో హులాగూ మరణించాడు. మరుసటి ఏడాది అతని కుమారుడు అబాఖాపై దండెత్తిన బెర్కే, కురా నది దాటే తావు కోసం తిఫ్లిస్ వైపు సాగుతూ జబ్బుపడి కన్నుమూశారు. భౌతికకాయాన్ని సరాయ్‌కి తీసుకువెళ్ళారు.

ఆయన తర్వాత వచ్చిన మెంగూ తిమూర్ ముస్లిం కాడు. బెర్కే శ్రమ వృథా అయిందనే ఆనాటివారు అనుకుని ఉండవచ్చు. కాని 1295లో ఇరాన్‌ను ఏలిన గాజాన్ ఖాన్ ఇస్లాం స్వీకరించాడు. అతను మరెవరో కాదు, బాగ్దాద్‌ను కూల్చిన హులాగూ మునిమనవడు! 1313లో సరాయ్ గద్దె నెక్కిన ఉజ్‌బెక్ ఖాన్ కాలంలో బెర్కే రాజ్యం ముస్లిం రాజ్యంగా స్థిరపడింది.

బాగ్దాద్ కూలిన రోజున ఇక అంతా ముగిసిందని విలపించిన వారికి ఈ సంగతులేవీ తెలియవు. తెరెక్ యుద్ధం హులాగూను అడ్డుకుంది. కాని అతని మునిమనవణ్ణి గెలుచుకున్నది ఖడ్గం కాదు. బూడిదైన బుఖారాలో దీపం ఆర్పకుండా కూర్చున్న ఆ ధర్మవేత్త వంటి వారి ఓర్పే తరతరాలుగా ఆ పని చేసింది. ఆపద ముంచుకొచ్చిన వేళ నిరాశ చెందే ప్రతి హృదయం తలచుకోదగిన చరిత్ర ఇది.