మహాతలవరి శాంతిశ్రీ

నాగార్జునకొండకు లాంచీలో వెళ్లేవాళ్లు సాధారణంగా ముందుకే చూస్తారు, కొండ ఎప్పుడొస్తుందా అని. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అంతే. రెండోసారి 1998లో చరిత్ర తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లాను. కొండ దగ్గరపడ్డాక మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, మనమిప్పుడు పుల్లారెడ్డిగూడెం మీదుగా పోతున్నామని మామూలుగా అన్నాడు. బస్సులో పోతూ దారిన వచ్చే ఊరి పేరు చెప్పినట్టే చెప్పాడు. పిల్లలంతా ఒక్కసారిగా లేచి అంచుకు వెళ్లి కిందికి చూశారు. పచ్చటి నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ నీళ్ల కింద వున్నది ఒక్క గూడెమే కాదు. పదిహేడు వందల ఏళ్ల నాటి విజయపురి నగరం వుంది. అందులో ఒక రాజు తోబుట్టువు స్తంభాలు ఎత్తించిన మహాచైత్యం వుండిన చోటు వుంది. ఆమె పేరు శాంతిశ్రీ. ప్రాకృత శాసనాల్లో చాంతిసిరి. మన డిగ్రీ పుస్తకాల్లో ఇక్ష్వాకుల పాఠం వచ్చినప్పుడల్లా, బౌద్ధాన్ని పోషించిన స్త్రీలు అన్న పేరాలో ఆమె పేరు వస్తుంది. నేనూ పరీక్ష కోసం ఆ పేరు బట్టీ పట్టినవాణ్ణే. మార్కులు వచ్చాయిగాని మనిషి అర్థం కాలేదు. ఆమె జీవితకథ రాయమంటే ఏం రాయగలం? ఆ రోజు లాంచీలో పుట్టిన ప్రశ్న అది. ఇన్నాళ్లకు ఈ నాలుగు పేజీలు.

క్రీస్తు శకం మూడో శతాబ్దంలో శాతవాహనుల రాజ్యం చెదిరిపోయాక, కృష్ణానది కుడి ఒడ్డున, శ్రీపర్వతమనే కొండల నడుమ విజయపురి రాజధానిగా ఇక్ష్వాకు రాజ్యం లేచింది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు నది. కోట కట్టుకోవడానికి ప్రకృతే సగం పని చేసిపెట్టిన చోటు. ఆ రాజ్యాన్ని నిలబెట్టినవాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. శాంతిశ్రీ ఆయనకు ఒక తల్లి కడుపున పుట్టిన సోదరి.

శాంతమూలుడు వైదికుడు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేశాడు. విరూపాక్షపతి మహాసేనుడి భక్తుడు. కోట్ల బంగారం, లక్షల గోవులు, లక్షల నాగళ్ల భూమి దానం చేశాడని శాసనాలు చెబుతాయి. లెక్క కాస్త పెంచి చెప్పారనుకున్నా, చెయ్యి పెద్దదే అయివుండాలి. అదే ఇంట్లో పుట్టిన శాంతిశ్రీ బుద్ధుణ్ణి నమ్ముకుంది. ఇంట్లో దీనివల్ల మాటామాటా వచ్చిందో లేదో గాని, ఒక్క సంగతి మాత్రం రాతిమీద వుంది. బుద్ధుడి చైత్యానికి ఆమె ఎత్తించిన స్తంభాల మీద, తన సోదరుడు చేసిన యాగాలన్నిటినీ వరసగా పేరు పేరునా చెక్కించింది. దాచిపెట్టలేదు, తగ్గించి చెప్పలేదు. పుట్టింటి గౌరవం పుట్టింటిది, తన నమ్మకం తనది. మతం మాట రాగానే గొంతులు పెంచే మనం ఆ స్తంభాల ముందు కాసేపు నిలబడితే మంచిది.

ఆమెను పూగీయుల ఇంటికి ఇచ్చారు. భర్త స్కందశ్రీ, మహాసేనాపతి, మహాతలవరుడు. అందుకే ఆమె మహాతలవరి అయింది. తలవరుడంటే ఆనాటి పెద్ద అధికారి. మన ఊళ్లలో మొన్నమొన్నటి దాకా వినిపించిన తలారి అన్న మాట దాని నుంచే వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం. రాజుకు వియ్యమందిన పదవి పేరు, ఊరికి కావలి కాసే చిరుద్యోగి దాకా దిగివచ్చిందంటే మాటలకు కూడా మనుషులకు మల్లే దశలు వుంటాయన్నమాట. ఆమెకు స్కందసాగరుడనే కొడుకు. శాసనంలో ఆమె తనను ఫలానావాడి సోదరినని, ఫలానావాడి భార్యనని, ఫలానావాడి తల్లినని చెప్పుకున్నది. అయితే దానం చేసింది నేను అని కూడా చెప్పుకున్నది. అక్కడ మాత్రం పక్కన ఇంకొకరి పేరు లేదు.

శాంతమూలుడి కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు రాజయ్యాడు. ఆయన ఆరో పాలనా సంవత్సరం, వర్షాకాలంలో ఆరో పక్షం, పదో రోజు. శాంతిశ్రీ జీవితంలో మనకు కచ్చితంగా తెలిసిన రోజు ఇది. ఆ రోజున మహాచైత్యం పని ముగిసింది. దాన్ని ఆమె మొదటినుంచీ కట్టించిందా, పాతదాన్ని పూర్తి చేయించిందా అన్న విషయంలో పండితుల్లో రెండు మాటలు వున్నాయి. ఆయక స్తంభాలు ఎత్తించింది ఆమె అన్నది మాత్రం స్తంభాలే చెబుతున్నాయి. నాలుగు దిక్కులా అయిదేసి చొప్పున ఇరవై స్తంభాలు. బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం, ఈ అయిదు ఘట్టాలకూ గుర్తుగా అయిదు. రాజకుటుంబంలోని ఇంకొందరు స్త్రీలూ కొన్ని స్తంభాలు ఇచ్చారు. పని చూసినవాడు ఆనందుడనే భిక్షువు. దీఘ, మజ్ఝిమ నికాయాలు ఎరిగినవాడు.

చైత్యం అడ్డకొలత 106 అడుగులు. పునాది బండి చక్రం మాదిరిగా వుంటుంది. మధ్యలో కుండ, చుట్టూ ఆకులు, బయట కమ్మి. ఇరవై అంగుళాల పొడవు, పదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం గల ఇటికెలతో గోడలు కట్టి, నడుమ గదులను మట్టితో నింపారు. ఖర్చు తగ్గుతుంది, కట్టడం గట్టిగా నిలుస్తుంది. ఈ కిటుకు మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఒకసారి గీసి చూసుకోవలసినది.

శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు, యాచకులకు ఎడతెగకుండా దానం చేసేదని ఆమెను గురించి రాశారు. ఇంత చేసి ఆమె కోరుకున్నదేమిటి? రెండు కుటుంబాలలో గడచినవాళ్లకు, వున్నవాళ్లకు, రాబోయేవాళ్లకు ఇహపరాల్లో మేలు కలగాలని, తనకు నిర్వాణం దక్కాలని, లోకమంతా సుఖంగా వుండాలని. రాబోయేవాళ్లు అన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఆ లెక్కలో మనమూ వున్నాం కదా.

తర్వాత పన్నెండేళ్లకు, వీరపురుషదత్తుడి పద్దెనిమిదో ఏట, మహాచైత్యం దగ్గరే అపరమహావినశైలీయులనే బౌద్ధ శాఖవారికి ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. ఈ శాసనంలో ఒక చిన్న మార్పు వుంది. రాజు ఆమెకు మేనల్లుడు. ఇక్కడ మాత్రం అల్లుడు అని రాయించింది. ఆ మధ్యకాలంలో కూతుర్ని మేనల్లుడికి ఇచ్చి పెళ్లి చేసివుండాలని చదివినవాళ్లు గ్రహించారు. ఆయన మరో ఇద్దరు రాణులు ఇంకో మేనత్త హర్మ్యశ్రీ కూతుళ్లు. మేనరికం మనకు కొత్త కాదు కదా! చైత్యగృహం కట్టించింది అల్లుడి ఆయుష్షు కోసం, విజయం కోసం. సిద్ధాంత గ్రంథాల్లో నిర్వాణం గురించి ఎంత వున్నా, కూతురి పసుపుకుంకుమలు చల్లగా వుండాలని తల్లి మొక్కుకోవడం ఆనాడూ వుంది. ఈ ఒక్క మాట దగ్గర శాంతిశ్రీ నాకు మా మేనత్తలాగే కనిపించింది.

ఆ పైన ఆమె జాడ లేదు. నాలుగో శతాబ్దం మొదటి భాగంలో ఇక్ష్వాకులే పోయారు. విహారాలు పాడుపడ్డాయి, లోయను అడవి కమ్మింది. కొండకు ఆచార్య నాగార్జునుడి పేరు నిలిచిందిగాని, లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆ మహానుభావుడి పేరు కనిపించదు. పేరు చెక్కించుకున్న ఆమెనేమో ఎవరూ తలుచుకోలేదు. అదొక విచిత్రం.

1926లో శాసన శాఖలో పనిచేసే ఎ. రంగస్వామి సరస్వతి ఈ లోయలో శిథిలాలు చూసి పైవారికి తెలియజేశారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. మహాచైత్యం గదుల్లో ఒకదానిలో మట్టి పాత్ర, అందులో వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, దానిలో బఠాణీ గింజంత ఎముక ముక్క దొరికాయి. ఆ ధాతువు తర్వాత సారనాథ్ చేరింది. శాసనాలను డచ్చి పండితుడు వోగెల్ చదివి ప్రకటించాడు. అలా పదహారు శతాబ్దాల తర్వాత శాంతిశ్రీ మళ్లీ మాట్లాడింది.

మాట్లాడిన ముప్పయ్యేళ్లకే నీళ్లు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండ దగ్గర శంకుస్థాపన చేశారు. అంతకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన లోయంతా తవ్వకం మొదలయింది. 1960 వరకు సాగింది. నూరుకు పైగా స్థలాలు బయటపడ్డాయి. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగాల గుళ్ల దాకా. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. మరికొన్నింటికి నమూనాలు అనుపు దగ్గర కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

నిజం చెప్పాలి. మా పొలం కుడికాలువ కింద వుంది. నేను తిన్న అన్నం, చదువుకున్న చదువు ఆ నీళ్ల చలవే. వర్షం కోసం ఆకాశం వంక చూసే రోజులు మా నాన్న మరచిపోలేదు. కాబట్టి ఆనకట్ట కట్టకపోతే బాగుండేదని అనే హక్కు నాకు లేదు, అనను. కాని మునిగిన దాని లెక్క రాసుకోకపోవడం మాత్రం తప్పే.

ఆ రోజు మ్యూజియంలో శాసన స్తంభం ముందు నేను పిల్లలకు పాఠం చెబుతుంటే లాంచీలోని పెద్దాయన వెనక నిలబడి విన్నాడు. ఇలాంటి చెక్కుడు రాళ్లు తమ చిన్నప్పుడు దొడ్లో వుండేవని, వాటికి గొడ్లను కట్టేసేవాళ్లమని చెప్పాడు. తర్వాత నన్ను ఒకటే అడిగాడు. తమ ఊరి సంగతి ఎక్కడన్నా రాసివుందా అని. తవ్వకాల నివేదికల్లో పుల్లారెడ్డిగూడెం పేరు వుంది, ఫలానా దిబ్బ ఆ ఊరికి దగ్గర అని చెప్పడానికి. అంతే చెప్పాను. ఆయన తల వూపి ఊరుకున్నాడు. నాకు సిగ్గనిపించింది. పదిహేడు వందల ఏళ్ల కిందటి తల్లి తన అల్లుడికి మొక్కిన మొక్కు నాకు తెలుసు. నలభై ఏళ్ల కిందట ఖాళీ అయిన ఊళ్లో వీధి ఎటు తిరిగేదో తెలియదు. చెప్పేవాడు ఎదురుగా వున్నాడు, అడిగిన వాళ్లు లేరు.

శాంతిశ్రీకి శిల్పులు వున్నారు, పల్నాటి రాయి వుంది. ఆ గూడెం వాళ్లకు అవి లేవు. వాళ్లకు వుండవలసిన శిల్పులం మనమే కదా అని తిరుగు లాంచీలో ఒక విద్యార్థిని నోటుబుక్కు తీసి ఆయన పక్కన కూర్చుంది. ముప్పావుగంటలో బావి ఎక్కడ, పోలేరమ్మ చెట్టు ఎక్కడ, ఏ చేల్లో ఏ పంట వేసేవారు, ఊరు వదిలేటప్పుడు ఎవరు ఏది బండిలో వేసుకున్నారు, అన్నీ రాసింది. చివర్న ఆయన చేతనే ఊరి పటం గీయించింది. గీతలు వంకరగా వున్నాయిగాని దిక్కులు తప్పలేదు.

ఆ తర్వాత శ్రీశైలం కింద మునిగిన ఊళ్ల వాళ్ల దగ్గరికీ కొందరు విద్యార్థులు అలాగే వెళ్లారు. ఇప్పుడు గోదావరి లోయలో పోలవరం కింద ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. గుళ్లను విప్పి ఒడ్డున పేర్చడానికి ప్రభుత్వ శాఖలు వున్నాయి. ఊళ్లను రాసిపెట్టడానికి శాఖ అంటూ లేదు. ఈ సంచిక చదివే విద్యార్థుల్లో ఆ వైపు వాళ్లు తప్పకుండా వుంటారు. వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టుకొని అడగండి. పాత పుల్లారెడ్డిగూడెం పటం మా శాఖ బీరువాలో వుంది. నమూనా కావలసిన వాళ్లు వచ్చి చూసుకోవచ్చు.