ప్రజ్ఞాచక్షువు శ్రీ కూరేశులు

నేత్రహీనుడైన విద్వాంసుని ప్రజ్ఞాచక్షువని వ్యవహరించుట సంస్కృతమున పరిపాటి. చూపు పోయినను విద్య పోదని ఎరిగిన పెద్దలు పెట్టిన పేరు ఇది. ఆ పేరునకు సర్వవిధముల తగినవారు భగవద్రామానుజుల శిష్యాగ్రగణ్యులైన శ్రీ కూరేశులు.

కాంచీపురమునకు సమీపమున గల కూరము వీరి జన్మస్థానము. క్రీ.శ. 1010 ప్రాంతమున, మకరమాస హస్తా నక్షత్రమున వీరు అవతరించిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. శ్రీవత్సాంకమిశ్రులని వీరి నామధేయము. తమిళులు కూరత్తాళ్వాన్ అందురు. సంపన్న గృహమున జన్మించి, నిత్యాన్నదాతలై పేరొందిన వీరు సర్వస్వమును విడిచి, ధర్మపత్ని ఆండాళ్‌తో కూడ శ్రీరంగమునకు బయలుదేరిరి. అడవి దారిలో ఆమె భయపడగా కారణమడిగిరి. భర్త భోజనమునకై ఆమె ఒక బంగారు గిన్నెను వెంట తెచ్చినది. దానిని పొదలలోనికి విసరివేసి, ఇక భయమునకు హేతువు లేదని చెప్పి ముందునకు సాగిరి. శ్రీరంగమున ఉంఛవృత్తియే వారి జీవనము.

బోధాయనవృత్తికై రామానుజులు కాశ్మీరమునకేగినపుడు కూరేశులు వెంట నుండిరి. లభించిన గ్రంథమును అచటివారు మరల తీసికొనిపోగా ఆచార్యులు చింతిల్లిరి. అప్పటికే కూరేశులు రాత్రివేళల దానిని చదివి హృదయస్థము చేసికొనియుండిరి. శ్రీభాష్యమునకు వ్రాయసకారులు కూడ వీరే. జీవస్వరూప నిరూపణమున భగవచ్ఛేషత్వము చెప్పబడనందున వీరి గంటము ఆగెను. ఆచార్యులు మొదట కోపించినను, పిదప విచారించి శిష్యుని పక్షమునే అంగీకరించిరి.

ఇట్టి పండితునకు ప్రౌఢవయస్సున గొప్ప విపత్తు వాటిల్లెను. వైష్ణవద్వేషియైన ఒక చోళరాజు రామానుజులచే మతాంతరాంగీకార పత్రముపై చేవ్రాలు చేయింపనెంచి భటులను పంపెను. ఆ రాజు ఎవరను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. ఆచార్యులను తప్పింపనెంచి, కూరేశులు వారి కాషాయవస్త్రములు తామే ధరించి, వృద్ధులైన మహాపూర్ణులతో కూడ సభకేగిరి. ఒకప్పటి శిష్యుడైన నాలూరాన్ వారి గుట్టు బయటపెట్టెను. చేవ్రాలు చేయనందున ఇరువురకును కన్నులు పోయినవి. తిరుగుదారిలో మహాపూర్ణులు పరమపదించిరి. రామానుజులు మేలుకోటకు తరలిపోయిరి.

కూరేశులు శ్రీరంగమునకు వచ్చి ఆలయద్వారమున నిలిచిరి. రామానుజ సంబంధులను లోనికి విడువరాదని ఆజ్ఞ యుండెను. అయినను వీరు సర్వజనమిత్రులని ద్వారపాలకులు దారి ఇచ్చిరి. తన మంచితనము ఆచార్యసంబంధమున కలిగినదే గాన, ఆ సంబంధమును కాదనుకొని పొందు దర్శనము తనకు వలదని వారు వెనుదిరిగిరి. అనంతరము మధురకు చేరువనున్న తిరుమాలిరుంజోలైలో వసించి సుందరబాహుస్తవమును రచించిరి. తాటాకు కంటికి కనబడని ఆ కాలముననే 100కు పైబడిన శ్లోకములు వారి నోట వెలువడినవి. వేదమునే చెవితో గ్రహించి కంఠమున నిలుపుకొనిన పరంపరకు చెందిన వారికి ఇది అసాధ్యము కాలేదు.

సుమారు 12 సంవత్సరములకు రామానుజులు తిరిగివచ్చిరి. శిష్యుని చూచి కన్నీరు కార్చి, కంచి వరదుని స్తుతించి నేత్రములు వేడుమని ఆజ్ఞాపించిరి. కూరేశులు వరదరాజస్తవమును సమర్పించిరి. స్వామి ప్రసన్నుడై వరమడుగుమనగా, తాము పొందు సద్గతి నాలూరానుకును కలుగవలెనని కోరిరి. కన్నుల మాట ఎత్తలేదు. ఎవని మూలమున చూపు పోయినదో వాని ఉద్ధరణమే వారికి ముఖ్యమైనది. ఆ కాలమున వారు కోల్పోయినది చూపు ఒక్కటియే. పాండిత్యము, కవిత్వము, ఆచార్యభక్తి, క్షమ ఏవియు తరుగలేదు.

వీరి కుమారులైన పరాశరభట్టరు విష్ణుసహస్రనామమునకు భగవద్గుణదర్పణమను భాష్యమును రచించి పితృకీర్తిని నిలిపిరి. మకరమాస హస్త కూరేశుల తిరునక్షత్రము. ఆనాడు వరదరాజస్తవమును పఠించు భక్తులు, తమకు కీడు చేసిన వానిని ఒక్కనినైనను స్మరించి, వానికి మేలు కలుగవలెనని ప్రార్థించినచో ఆ పారాయణము సఫలమగును.